ప్రాక్టికల్ గంటలు కోయకండి: కాలేజీ యాజమాన్యాలకు కెమిస్ట్రీ విభాగం నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన యాజమాన్య సభ్యులకు, ప్రిన్సిపాల్ గారికి, టైంటేబుల్ కమిటీ వారికి నమస్కారాలు.

ముగ్గురో నలుగురో అధ్యాపకులు, ఒక ల్యాబ్ అసిస్టెంటు, ఒక ల్యాబు, దాన్నానుకుని ఒక స్టోర్ రూము. చిన్న కాలేజీలో కెమిస్ట్రీ విభాగమంటే సాధారణంగా ఇంతే. అలాంటి విభాగాల్లో పాఠాలు చెప్పేవాళ్లం, ల్యాబు నడిపేవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. టైంటేబుల్ కుదరనప్పుడల్లా అందరి చూపూ ముందు ప్రాక్టికల్ మీదే పడుతుంది. మూడు గంటల ల్యాబును రెండు గంటలు చేద్దామంటారు. లేదంటే 24 మంది బ్యాచ్‌లో ఇంకొందరిని కలిపి 40 మందిని చేద్దామంటారు. గది ఖాళీ అవుతుంది, వర్క్‌లోడ్ తగ్గుతుంది, సిలబస్‌లోని ప్రయోగాల సంఖ్య మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి నష్టమేమీ లేదనిపిస్తుంది. నష్టం ఎక్కడుందో గడియారం దగ్గర పెట్టుకుని లెక్కకడితే గానీ తెలియదు. ఆ లెక్క మీ ముందు పెడుతున్నాం.

ఒక్క ప్రయోగం చాలు. పొటాషియం పర్మాంగనేట్ ద్రావణం గాఢతను ఆక్సాలిక్ ఆమ్లంతో కనుక్కోవడం. డిగ్రీ మొదటి ఏడాది పిల్లలు చేసేదే, ఖరీదైన పరికరమేదీ అక్కర్లేనిదే.

మొదటి 15 నిమిషాలు ప్రయోగం వివరించడానికీ, కళ్లద్దాలూ కోట్లూ వేసుకున్నారో లేదో చూడడానికీ పోతాయి. తర్వాత తూకం. ఒక్కొక్కరూ సుమారు 1.576 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం తూచి, 250 మి.లీ. స్టాండర్డ్ ఫ్లాస్కులో కరిగిస్తే 0.05 మోలార్ (లీటరుకు 0.05 మోల్) గాఢత ఉన్న ద్రావణం వస్తుంది. తూకం సీసాను పదార్థంతో సహా ఒకసారి, ఒంపేశాక మరోసారి తూచాలి. బ్యాలెన్స్ తలుపులు మూసి, నాలుగో దశాంశం దగ్గర అంకె నిలబడేదాకా ఆగాలి. మనిషికి నాలుగు నిమిషాలన్నా పడుతుంది. సరిగ్గా 1.5760 రావాలని చిటికెడు వేస్తూ, చిటికెడు తీస్తూ కూర్చున్న విద్యార్థికి పావుగంటైనా చాలదు. అలా అక్కర్లేదనీ, 1.5కూ 1.65కూ మధ్య ఎంత పడినా ఆ అంకెను ఉన్నదున్నట్టు రాసుకుంటే చాలుననీ పక్కన నిలబడి చెప్పాలి. తీసిన పొడిని తిరిగి స్టాక్ సీసాలో వేయకుండా కూడా చూడాలి, ఎందుకంటే ఒక్కరు వేసినా ఆ సీసా నమ్మకం పోయినట్టే. బ్యాలెన్సులు రెండే ఉంటే 24 మంది తూకం ముగియడానికి 48 నిమిషాలు.

వరసలో చివరి విద్యార్థి సంగతి చూడండి. 63వ నిమిషంలో బ్యాలెన్స్ దగ్గర్నుంచి కదులుతుంది. ద్రావణం తయారు చేసుకోవడానికి 15 నిమిషాలు, బ్యూరెట్ (అడుగున కాక్ ఉన్న, కొలత గీతల గాజు గొట్టం) కడిగి నింపుకోవడానికి 10. ఒక రఫ్ టైట్రేషన్ (బ్యూరెట్‌లోంచి పర్మాంగనేట్‌ను ఆమ్లంలోకి వదులుతూ, చర్య ముగియడానికి ఎంత పట్టిందో కొలవడం), దాని మీద మూడు సరైనవి, వేడిచేయడంతో కలిపి 45. లెక్క చేసి చూపించడానికి 15, కడిగి సర్దడానికి 20. మొత్తం 168 నిమిషాలు. మూడు గంటల్లో మిగిలేది 12 నిమిషాలు. ఆ పన్నెండూ ఒక ఫ్లాస్కు పగిలితేనో, గ్యాస్ మంట ఆరితేనో సరిపోతాయి.

అదే రెండు గంటలైతే 48 నిమిషాలు కొరత. మూడు గంటలే ఉంచి బ్యాచ్‌ను 40 చేస్తే తూకానికే 80 నిమిషాలు పడుతుంది, చివరి విద్యార్థికి 200 నిమిషాలు కావాలి. ఏ దారిలో వెళ్లినా ప్రయోగం పట్టదు.

మరి ఆ కొరత ఎక్కడ తేలుతుంది? టైట్రేషన్‌లోనే. పిపెట్‌తో 20 మి.లీ. ఆక్సాలిక్ ఆమ్లం తీసుకుని, అంతే సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, 60 నుంచి 70 డిగ్రీల దాకా వేడిచేయాలి. చల్లగా ఉంటే చర్య నత్తనడక నడుస్తుంది, ఊదా రంగు పోక నిలిచిపోతుంది, అదే ఎండ్ పాయింట్ (చర్య ముగిసిన గుర్తు) అనుకుంటారు. మరిగిస్తే కొంత ఆక్సాలిక్ ఆమ్లం విడిపోయి రీడింగ్ తగ్గుతుంది. వేడి సరిగ్గా ఉన్నా, మొదట పడిన చుక్క రంగు వెంటనే పోదు. ఫ్లాస్కు తిప్పుతూ అర నిమిషమైనా ఆగాలి. ఆ తర్వాతి చుక్కలు పడీపడగానే మాయమవుతాయి, ఎందుకంటే చర్యలో పుట్టిన మాంగనీస్ అయానే తర్వాతి చర్యను పరుగెత్తిస్తుంది. స్వయం ఉత్ప్రేరణం అని థియరీ క్లాసులో రాయించిన మాట ఇక్కడ కంటికి కనిపిస్తుంది. తొందరలో ఉన్న విద్యార్థి కాక్ పూర్తిగా తిప్పేస్తాడు. మాంగనీస్ డయాక్సైడ్ ఏర్పడి ద్రావణం మట్టిరంగుకు తిరుగుతుంది, ఆ టైట్రేషన్ పారబోయాల్సిందే. చివర్లో ఒక్కో చుక్కకూ ఆగాలి. చుక్క అంటే సుమారు 0.05 మి.లీ., 20 మి.లీ.లో పావు శాతం. లేత గులాబీ రంగు అర నిమిషం నిలిస్తే అప్పుడు రీడింగ్ తీయాలి. ముదురు రంగులో బ్యూరెట్‌లోని ద్రవం పైతలపు అడుగు వంపు కనపడదు కాబట్టి పర్మాంగనేట్‌కు మాత్రం పై అంచునే చూడాలి, మొదటా చివరా ఒకేలా.

ఈ పనికి టైం చాలకపోతే విద్యార్థి ఏం చేస్తాడో ప్రతి కెమిస్ట్రీ అధ్యాపకుడికీ తెలుసు. ఒక్క టైట్రేషన్ చేసి మిగతా రెండు రీడింగులూ రాసేస్తాడు. 20.1 వచ్చిందా, కింద 20.0, ఆ కింద 20.1. లేదంటే పక్క బెంచీ వాళ్లను అడిగి వేసుకుంటాడు. రికార్డులో అంతా ముచ్చటగా ఉంటుంది. మూడు రీడింగులు 0.1 మి.లీ. లోపు కలవాలన్న నియమం పెట్టింది చేతికి నమ్మకం వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయమని. టైం ఇవ్వకుండా ఆ నియమం పెడితే, అంకె కల్పించడం మనమే నేర్పినట్టు. ఈ ఉత్తరంలో మేం చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. గంట తగ్గితే ప్రయోగంలో మూడోవంతు తగ్గి ఊరుకోదు, మిగిలిన రెండు వంతుల్లో నిజం పోతుంది. రేపు ఈ పిల్లలే మందుల కంపెనీలో, నీటి పరీక్షల ల్యాబులో కూర్చుని రీడింగులు రాస్తారు.

ఇందులో మా విభాగాల తప్పు కూడా ఉంది. అసలు విలువకు ఎంత దగ్గరగా వస్తే అన్ని మార్కులు అనే పద్ధతి మేం పట్టుకుని వేలాడుతున్నాం. అది కాపీకి తలుపు తెరుస్తుంది. అబ్జర్వేషన్ బుక్‌లో అక్కడికక్కడే పెన్నుతో రాసిన రీడింగుకూ, తప్పు వస్తే ఒక్క గీతతో కొట్టేసి పక్కన కారణం రాసినదానికీ, చెడిపోయిన టైట్రేషన్ ఎందుకు చెడిందో చెప్పగలిగినదానికీ ఎక్కువ మార్కులుండాలి. ఈ మార్పు అకడమిక్ కౌన్సిల్ ఆమోదిస్తేనే కుదురుతుంది. ఆమోదించమని అడుగుతున్నాం.

ఇక టైంటేబుల్‌లో గడే లేని పని గురించి. గురువారం ల్యాబుకు పర్మాంగనేట్ మంగళవారం మొదలవ్వాలి. బ్యూరెట్ కడుక్కోవడంతో కలిపి మనిషికి 120 మి.లీ. అనుకుంటే 24 మందికి దాదాపు మూడు లీటర్లు. 0.02 మోలార్ కావాలంటే మూడు లీటర్లకు తొమ్మిదిన్నర గ్రాములు. కరిగించి సీసాలో పోస్తే పని అయిపోదు. నీటిలో ఉన్న కాస్త సేంద్రియ మలినంతో అది చర్య జరిపి మాంగనీస్ డయాక్సైడ్ ఇస్తుంది, ఆ డయాక్సైడ్ మిగతా పర్మాంగనేట్ విడిపోవడాన్ని వేగం చేస్తుంది. అందుకని గంటసేపు సన్నగా మరిగించి, మూతపెట్టి రాత్రంతా ఉంచి, మర్నాడు గ్లాస్ వూల్ (గాజు పీచు) గుండా వడకట్టాలి. ఫిల్టర్ పేపర్ వాడకూడదు, కాగితమే పర్మాంగనేట్‌ను తినేస్తుంది. తర్వాత గోధుమరంగు సీసాలో పోసి, గాఢత మేం స్వయంగా కనుక్కుని పెట్టుకోవాలి. దీనికి తోడు రెండు లీటర్ల 1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం. సుమారు 111 మి.లీ. గాఢ ఆమ్లాన్ని లీటరున్నర చల్లటి నీటిలో, గాజు కడ్డీతో కలుపుతూ కొద్దికొద్దిగా పోయాలి. నీళ్లే ఆమ్లంలో పోస్తే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. ఈ పని చేసేటప్పుడు ల్యాబ్ అసిస్టెంటును ఇన్విజిలేషన్‌కో ఆఫీసు ఫైళ్లకో పిలిస్తే, పని మధ్యలో వదిలేయాల్సి వస్తుంది.

ప్రతి ప్రయోగానికీ ఇలాంటి గొడవ ఏదో ఒకటుంటుంది. సోడియం హైడ్రాక్సైడ్ గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుంటుంది, నాలుగు గ్రాములు తూచి లీటరు చేసినంత మాత్రాన 0.1 మోలార్ అని నమ్మలేం. పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో సరిచూడాలి. నీటి కాఠిన్యానికి వాడే ఈడీటీఏ ప్రయోగంలో పీహెచ్ 10 బఫర్ నుంచి అమోనియా ఎగిరిపోతుంది, రంగు మారి ముగింపు చూపే ఇండికేటర్ ఎరియోక్రోమ్ బ్లాక్ టీ ద్రావణం పాతబడుతుంది, అప్పుడు ఎరుపు నుంచి నీలం తేటగా రాదు. థయోసల్ఫేట్ టైట్రేషన్‌కు స్టార్చ్ ఏ రోజుదారోజు కాచుకోవాలి. ఇవన్నీ ఒక్క మనిషి చేతిమీదుగా జరగాలి. డిస్టిల్డ్ వాటర్ యూనిట్ దగ్గర నీళ్లు ఆగిపోతే హీటరు మాడిపోతుంది కాబట్టి దాన్నీ ఓ కంట చూసుకోవాలి.

అధ్యాపకుల పక్షాన కూడా ఇలాంటి గంటలున్నాయి. ఒక్కో రికార్డుకు పది నిమిషాలు పెట్టి దిద్దితే 24 రికార్డులకు నాలుగు గంటలు. ప్రయోగం పిల్లలకు ఇచ్చేముందు అదే సీసాల్లోంచి తీసి ఒకసారి చేసి చూసుకోవాలి. అలా చేయని రోజునే ఇండికేటర్ పనిచేయక తరగతంతా చేతులు కట్టుకుని నిలబడుతుంది. చిన్న విభాగంలో ఆర్గానిక్ చదివినవాళ్లే ఫిజికల్ ల్యాబు కూడా చూడాల్సి వస్తుంది, దానికి వేరే సన్నద్ధత కావాలి. ప్రాక్టికల్ గంటను థియరీ గంటలో సగంగా లెక్కగట్టే చోట ఈ పనంతా ఎవరి ఖాతాలోనూ పడదు.

ఆర్గానిక్ ప్రయోగాలకు రెండు గంటలు ఇంకా చాలవు. ఆస్పిరిన్ తయారీ చూడండి. 2 గ్రాముల శాలిసిలిక్ ఆమ్లం, 5 మి.లీ. ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్, అయిదు చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. వేడినీటి తొట్టిలో పావుగంట, తర్వాత చల్లటి నీళ్లు, మంచులో స్ఫటికాలు, వడపోత, మళ్లీ స్ఫటికీకరణం. సిద్ధాంతపరంగా రాగలిగేది 2.61 గ్రాములు. ఆరబెట్టకుండా తూచితే 2.9 గ్రాములు వస్తుంది, అంటే 111 శాతం. తడి స్ఫటికాలను కరిగే ఉష్ణోగ్రతకు పెడితే 135 దగ్గర కరగాల్సింది అంతకన్నా ముందే మెత్తబడి సాగుతుంది. ఆరే వ్యవధి లేనప్పుడు పిల్లలు పుస్తకంలోని అంకె రాసుకుంటారు. పక్కనే ఫెర్రిక్ క్లోరైడ్ పరీక్షలో ఊదా రంగు వచ్చి శాలిసిలిక్ ఆమ్లం మిగిలిపోయిందని చెబుతున్నా దాన్ని పట్టించుకునే తీరిక ఉండదు.

బ్యాచ్‌ను 40 చేయడంలో ఇంకో సమస్య ఉంది. మూడు గంటల్లో వివరణ పోను, 24 మందిలో ఒక్కొక్కరి దగ్గర అధ్యాపకుడు నిలబడగలిగేది ఏడు నిమిషాల లోపు. 40 మందైతే నాలుగు నిమిషాలు. 40 మంది, రెండు గంటలు అయితే రెండున్నర నిమిషాలు. బ్యూరెట్ మీద గరాటు వదిలేయడం, కాక్ కింద గాలి బుడగ, కోనికల్ ఫ్లాస్కును తీసుకోబోయే ద్రావణంతోనే కడగడం, కళ్లద్దాలు నుదుటి మీదికి తోయడం, ఇవన్నీ దగ్గర నిలబడితేనే కనిపిస్తాయి. కంట్లో ఆమ్లం పడితే పది సెకన్లలో ఐవాష్ దగ్గరికి చేరాలి, పదిహేను నిమిషాలు ఆగకుండా కడగాలి. ఆ పదిహేను నిమిషాలూ అధ్యాపకుడు ఆ ఒక్కరి దగ్గరే ఉంటే మిగతా 39 మందిని, వెలుగుతున్న బర్నర్లను ఎవరు చూస్తారు? ఐవాష్‌ను వారానికోసారి తెరిచి నీళ్లు వదలాలి, లేకపోతే అవసరమైన రోజు పైపులోంచి తుప్పు నీళ్లు వస్తాయి. ఫ్యూమ్ హుడ్ (హానికర ఆవిర్లను బయటికి లాగే పెట్టె) లోపలికి గాలి సెకనుకు అర మీటరు వేగంతో వెళ్తోందో లేదో ఏటా కొలిపించాలి. స్టోర్‌లో చోటు లేక హుడ్‌లో సీసాలు పేర్చితే గాలి దారి మూసుకుపోతుంది, హుడ్ కాస్తా అలమరా అయిపోతుంది.

స్టోర్ సర్దడానికీ టైం లెక్కలో ఉండాలి. అక్షరక్రమంలో పెడితే హైడ్రజీన్ సరసనే హైడ్రోజన్ పెరాక్సైడ్ వచ్చి కూర్చుంటుంది, రెండూ కలిస్తే మంట. గుణాన్ని బట్టి విడదీయాలి. ఈథర్ సీసా మీద తెరిచిన తేదీ రాయాలి, ఎందుకంటే గాలి తగిలితే అందులో పెరాక్సైడ్లు పుడతాయి. పిక్రిక్ ఆమ్లం తడిగా ఉందో లేదో చూస్తుండాలి. ఎండిపోయి మూత చుట్టూ స్ఫటికాలు కట్టిన సీసాను ఎవరూ తెరవకూడదు, కదపకూడదు, తెలిసినవాళ్లను పిలిపించాలి. వ్యర్థాల డబ్బాలు క్లోరిన్ ఉన్న ద్రావణులకు ఒకటి, లేనివాటికి ఒకటి, భారలోహాలకు ఒకటి ఉండాలి. నైట్రిక్ ఆమ్లం ఉన్నది ఆల్కహాల్ డబ్బాలో పడితే వాయువులు పుట్టి, అందరూ ఇళ్లకెళ్లాక కూడా మూత బిగించిన డబ్బా పేలుతుంది. ఈ డబ్బాలు తీసుకెళ్లే ఖర్చుకు బడ్జెట్‌లో ప్రత్యేకంగా ఒక పద్దు కావాలి.

సందర్భం వచ్చింది కాబట్టి మరో మాట. ఓపెన్ డే రోజున రంగురంగుల మంటలు చూపించమని అడుగుతుంటారు. మిథనాల్ పోసి వెలిగించే పద్ధతి మేం చేయం. దాని ఆవిరి 11 డిగ్రీలకే అంటుకుంటుంది. మంట ఆరిందనుకుని సీసాలోంచి ఇంకాస్త పోసినప్పుడు మంట సీసాలోకి ఎగబాకి ఎదుట కూర్చున్న పిల్లల మీదికి చిమ్మిన ప్రమాదాలు అనేకం. లవణ ద్రావణాల్లో రాత్రంతా నానబెట్టిన చెక్కపుల్లల్ని బర్నర్ మంటలో పెడితే అవే రంగులు వస్తాయి. అది సంతోషంగా చూపిస్తాం.

తెర మీద చేసే వర్చువల్ ల్యాబు పెడితే చాలదా అని కూడా అడుగుతున్నారు. ప్రాక్టికల్‌కు ముందు రోజు ఇంట్లో చూసి రావడానికి అది చాలా మంచిది, వివరణకు పట్టే 15 నిమిషాలు పదికి తగ్గుతాయి. కానీ తెర మీది బ్యూరెట్‌లో గాలి బుడగ ఉండదు. చెయ్యి నేర్వాల్సింది ఆ బుడగను చూడడమే.

ఖర్చు తగ్గించమంటే మాకు అభ్యంతరం లేదు, దానికి దారులున్నాయి. 20 మి.లీ. బదులు 10 మి.లీ. పిపెట్, 50 బదులు 25 మి.లీ. బ్యూరెట్ వాడితే రసాయనాలు, వ్యర్థం సగమవుతాయి. ఒక్క చుక్క తేడా పావు శాతం బదులు అర శాతం అవుతుంది, మొదటి ఏడాదికి అది ఫరవాలేదు. ఆస్పిరిన్‌ను అర గ్రాముతో చేయించవచ్చు. తూకం దగ్గర వరస తగ్గాలంటే ఇంకో బ్యాలెన్స్ కొనండి. మూడు బ్యాలెన్సులైతే 24 మందికి 32 నిమిషాలే. సిలబస్‌లో పన్నెండు ప్రయోగాలు రెండు గంటల చొప్పున పరుగెత్తించే కంటే, ఎనిమిది ప్రయోగాలు మూడు గంటల చొప్పున నిదానంగా చేయిస్తే మొత్తం అవే 24 గంటలు. మేం రెండోదే కోరుకుంటాం. ఏ నాలుగు తీసేయాలో మేమే చెబుతాం.

అడుగుతున్నది ఇది. ల్యాబు మూడు గంటలూ ఏకబిగిన ఉండనివ్వండి, ఒక అధ్యాపకుడికి 24 మందిని మించనివ్వకండి. ప్రతి ల్యాబుకూ ల్యాబ్ అసిస్టెంటుకు మూడు గంటల తయారీ, అధ్యాపకుడికి ఒక గంట ముందస్తు పరీక్ష టైంటేబుల్‌లో గడిగా కనిపించాలి. ఆ గంటల్లో వాళ్లను వేరే పనికి పిలవకండి. ల్యాబ్ అసిస్టెంట్ పోస్టు ఖాళీ పడితే ప్రాక్టికల్స్ మొదలయ్యేలోపు నింపండి. ఇండెంటు (కొనాల్సిన సరుకుల జాబితా) ఏడాదికోసారి కాక సెమిస్టర్‌కోసారి పిలవండి. హైడ్రోజన్ పెరాక్సైడ్, అమోనియా, పీహెచ్ బఫర్లు చిన్న సీసాల్లో తాజాగా తెప్పించుకుంటాం, పాతబడి పారబోసేది తగ్గుతుంది.

వచ్చే సెమిస్టర్ టైంటేబుల్ ముసాయిదా ఖరారు చేసే సమావేశానికి మా విభాగం నుంచి ఒక అధ్యాపకుణ్ణీ, ల్యాబ్ అసిస్టెంటునూ పిలవండి. ప్రయోగాల వారీగా ఏ పనికి ఎన్ని నిమిషాలు పడుతుందో, ముందు రోజు తయారీతో సహా, పట్టిక తయారు చేసుకుని వస్తాం.

ఇట్లు,
కెమిస్ట్రీ విభాగం అధ్యాపకులు, ల్యాబ్ సిబ్బంది